మొదటి పీరియడు బయట

నా చిన్నప్పుడు ఒక ఏడాదిపాటు మా ఏడో తరగతిని నేనే ఏలానని మనవలకు చెబుతూ వచ్చాను. మాస్టారు నన్నడిగి గాని చాక్‌పీసు ముట్టుకునేవారు కాదని కూడా కలిపాను. అది అబద్ధం. కబుర్లకు కారం పూసే ఓపిక ఇప్పుడు తగ్గింది కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డెబ్బైల నాటి మాట. మాది పెనుగంచిప్రోలు దగ్గర, మునేటి ఒడ్డు పల్లె. లెక్కల మాస్టారు నందిగామ నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు. ఆయన బెత్తం పట్టేవారు కాదు. శనివారం మొదటి పీరియడులో, క్లాసు ఎలా నడవాలో మమ్మల్నే తేల్చుకోమనేవారు. ఎటు ఎక్కువ చేతులు లేస్తే అదే ఖాయం. ఆ లెక్కలో ఆయనదీ ఒక్క చెయ్యే. "పిల్లకాయల్ని అడిగి బడి నడుపుతాడా ఆయన!" అని మా నాన్న నవ్వేవాడు.

ఒక శనివారం క్లాసు లీడరు హోదాలో నేను లేచి, ఆలస్యంగా వచ్చినవాళ్ళు మొదటి పీరియడంతా బయటే నిలబడాలన్నాను. వద్దని మాస్టారొక్కరే చెయ్యెత్తారు. ఓడిపోయి, ఆ నియమాన్ని నల్లబల్ల మీద ఆయనే రాశారు.

ఆలస్యంగా వచ్చేది ఒక్క పిల్లే. తెల్లారకముందే తల్లితో మిరపకోతకు వెళ్ళి, మంటలెత్తే చేతులతో బడికి పరిగెత్తుకొచ్చేది. పబ్లిక్ పరీక్ష దగ్గరపడింది. తప్పితే ఇక చేనికే పొమ్మన్నాడట వాళ్ళ నాన్న. శనివారం తప్ప మాకు రోజూ మొదటి పీరియడు లెక్కలే. ఇదంతా నాకు తెలుసు. లెక్కల్లో ఆ పిల్లకు నాకంటే ఎక్కువ మార్కులొస్తాయనీ తెలుసు. అందుకే లేచాను.

సోమవారం ఆ పిల్ల ఒక్కతే బయట నిలబడింది. మంగళవారం గంట మోగాక మాస్టారు తీరిగ్గా వచ్చి, "నేనూ ఆలస్యమేరా" అంటూ వరండాలో ఆగిపోయారు. అక్కడే నేలమీద చాక్‌పీసుతో ఆ పిల్లకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. మొదటిరోజు లోపల మాకు పండగే. గురువారానికి పక్కవాడు నా డొక్కలో పొడిచాడు.

"ఒరే లీడరూ, మనకి లెక్కలెవరు చెబుతార్రా? నువ్వు చెబుతావా?"

గడప దగ్గరకెళ్ళి, "మాస్టార్లకి ఆ రూలు లేదని మార్చుకుంటామండీ" అన్నాను. నా తెలివి అంతవరకే పోయింది.

"మార్చుకోండి. శనివారం దాకా ఆగాలిగా" అన్నారాయన.

ఆ పిల్ల నేలమీది లెక్క మీంచి తలెత్తకుండానే అంది: "శనివారం కూడా నేను బయటే ఉంటాగదండీ. మొన్న చేతులెత్తినప్పుడూ లేను."

మాస్టారు చాక్‌పీసు కింద పెట్టారు. "అది నా తప్పేనమ్మా. చేతులెత్తడం మొదటి పీరియడులో పెట్టింది నేనే" అన్నారు. పెద్దవాళ్ళు అలా అనగా వినడం నాకదే మొదలు.

శనివారం దాకా ఆగలేదాయన. ఆ మధ్యాహ్నం, అందరం ఉన్నప్పుడు, ముందు ఆ పిల్లనే అడిగారు. రూలు తీసేయమని ఆ పిల్ల అడగలేదు. "లెక్కలు ఆఖరి పీరియడుకి మార్చండి, చాలు" అంది. దానికి లేచిన మొదటి చెయ్యి నాదేనని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. కాదు. చుట్టూ చూసి, సగం పైగా లేచాయని తేలాక ఎత్తాను. పరీక్షలో ఆ పిల్లకు నాకంటే ఎక్కువే వచ్చాయి.

తరవాత నా బతుకంతా మీటింగుల్లోనే గడిచింది. పాల సంఘం, నీటి సంఘం, బడి కమిటీ. చేతులెత్తమన్నప్పుడల్లా ఎవరు రాలేదా అని చూస్తాను. వాళ్ళొచ్చాక పెట్టుకుందామంటే, "పెద్దాయనా, మళ్ళీ మొదలెట్టావా" అని విసుక్కుంటారు. నాకూ విసుగ్గానే ఉంటుంది. నడుం నొప్పి, ఇంటికి పోవాలనిపిస్తుంది. సగం సార్లు నోరు మూసుకుంటాను. మిగతా సగం మాత్రం అడుగుతాను.

సగమని రాశాను గానీ, అంతకంటే తక్కువే.