దొడ్డి మట్టిలో తప్పిపోయిన ఎంజైమ్

2018. నల్లగొండలో ఒక యూనివర్సిటీ ల్యాబ్. నేను బయోకెమిస్ట్రీ చెప్పేదాన్ని, స్వరూప నా దగ్గర పీహెచ్‌డీ చేసేది. వాళ్లది మోత్కూర్ పక్క పల్లె, గొర్లు కాసే ఇల్లు. వాళ్ల దొడ్డి మట్టిలోంచే స్లైమ్ మోల్డ్‌ను తీసి పెంచింది. అది బ్యాక్టీరియాను తిని బతికే ఏకకణ జీవి. తిండి కరువైతే వేల కణాలు ఒక్కటై సన్నని కాడలా లేస్తాయి, దాని కొసన విత్తనాల్లాంటి సిద్ధబీజాలు వస్తాయి.

ఆ జీవిలో చక్కెర అణువులను ప్రోటీన్లకు అతికించే ఎంజైములుంటాయి. గ్లైకోసిల్ ట్రాన్స్‌ఫరేజ్‌లంటాం. వాటి జన్యువులను ఇతర జీవుల జన్యువులతో పోల్చి, ఏది ఏ కుటుంబానిదో తేల్చే వంశవృక్షం గీయడం మా పని.

అన్నీ కుదిరాయి, రెండు తప్ప. ఒకటి బ్యాక్టీరియాల కొమ్మ మీద కూర్చుంది. ఇంకోటి ఏ కొమ్మకూ అతకలేదు.

"మేడం, మొదటిది అది తిన్న బ్యాక్టీరియాది అయి ఉంటది. రెండోది మాత్రం కొత్త కుటుంబమే!" అంది స్వరూప. నాకూ అట్లనే అనిపించింది. ఆ రెండోదే ఆమె థీసిస్‌కు ప్రాణమైంది.

జర్నల్‌కు పేపర్ పంపేముందు, వేరే ఏదీ కలవకుండా ఒక్క సిద్ధబీజం నుంచి జీవిని మళ్లీ పెంచమన్నాను. తిండిగా ఆ జన్యువులు లేని బ్యాక్టీరియా ఇచ్చి, పీసీఆర్ చేయమన్నాను. వెతికే జన్యువు ఉంటే దాన్ని లక్షల కాపీలు చేసి, జెల్ మీద గీతగా చూపే పరీక్ష అది.

"మేడం, జర ఇటు రాండ్రి" అని పిలిచింది స్వరూప.

మేం అనుమానించిన మొదటి జన్యువు గీత మెరుస్తోంది. రెండోదాని చోటు ఖాళీ. మళ్లీ చేశాం, మళ్లీ అదే. మొదట్నుంచీ వాడిన పాత గిన్నెను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, మట్టితో వచ్చిన వేరే అమీబా మా జీవి పక్కనే పాకుతోంది.

"అంటే... నేను ఇన్నేండ్లు వేరేదాని గురించి రాసిన్నా?"

అంటూనే ఆమె మళ్లీ జెల్ వైపు చూసింది. "మరి మొదటిది? తిండి మార్చినా పోలేదు గద మేడం."

అప్పుడు వెలిగింది. ఎన్నో తరాల కింద ఒక బ్యాక్టీరియా నుంచి వచ్చి, ఆ జన్యువు ఈ జీవి సొంతమైపోయింది.

స్వరూప పేపర్ ఆపేసింది, ఆ అధ్యాయం తీసేసి మొత్తం తిరగరాసింది. పట్టా ఆలస్యమైంది. వైవాలో పరీక్షకుడు అడిగాడు: "అంత మంచి ఫలితం ఎందుకు వదులుకున్నావమ్మా?"

"అది నా జీవిది కాదు సార్" అంది.

అప్పటినుంచి మా ల్యాబ్‌లో మమ్మల్ని ఎక్కువ సంతోషపెట్టే ఫలితాన్నే ముందు అనుమానిస్తాం.