మా బాపుకు సుట్టి దొరికిందని నేను చెప్పిన సాక్ష్యం

మా చిన్నప్పుడు... మరాఠీ ఊళ్లోని మా తెలుగు వాడ బాబుపేట్‌లో, మా ఇంట్లో పొద్దున్నే నన్ను లేపేది మా నాన్న... బాపు... టిఫిన్ డబ్బానే. అమ్మ మూత బిగించి పక్కనున్న కొక్కెం టక్కున వేసేది... ఆ చప్పుడుకు కళ్లు తెరిచేదాన్ని.

బాపు పెంకుల కార్ఖానాలో పనిచేసేవాడు. భట్టీలో కాలిన పెంకులు బయటికి తీసి పేర్చాలి. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల్లో కూడా ఎర్రటి దుమ్మే...

తొంభైల మొదటి రోజులవి. ఎక్కడ చూసినా సిమెంటు రేకులు. పెంకులు కొనేవాళ్లు తగ్గిపోయారు. ఒకనాడు బాపు వసారాలో కూర్చుని అమ్మతో మెల్లగా అన్న మాట నా చెవిన పడింది.

"సుట్టి జేసిండ్రే..."

మా దగ్గర సుట్టి అంటే బడికి ఇచ్చే సెలవు. మరాఠీ బడికి వెళ్లే నాకు అంతకన్నా తీపి మాట లేదు. పనిలోంచి తీసేసినా అదే మాట అంటారని ఏడేళ్ల పిల్లకు ఏం తెలుసు!

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. సుట్టి దొరికిన మనిషి పొద్దున్నే డబ్బా పట్టుకుని ఎక్కడికి పోతున్నాడు? సాయంత్రం చూస్తే కనుబొమల్లో దుమ్ము లేదు... మొహంలో నవ్వూ లేదు. కంచం ముందు కూర్చుని గోడ వైపు చూసేవాడు. "రెండు బుక్కలన్న తినుండ్రి" అని అమ్మ బతిమాలేది. చొక్కా వదులైపోయింది. మా బాపు మా కళ్ల ముందే కరిగిపోతున్నాడు...

పని పోయిందని వాడకట్టుకు తెలిస్తే తలెత్తుకోలేనని ఆయన భయమట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆదివారం ప్రార్థన మా వీధి చివర సంఘ పెద్దయ్య ఇంట్లో జరిగేది. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, చాపల మీద. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నాడు పెద్దయ్య. నేను లేచాను...

"అందరికి వందనాలు. మా బాపుకు దేవుడు సుట్టి ఇచ్చిండు. అయినా బాపు రోజు డబ్బా వట్టుకొని పోతుండు. బాపు సుట్టిల ఇంటికాడ ఉండి నాతోని ఆడేటట్టు ప్రార్థన జేయుండ్రి."

స్తోత్రం అనబోయిన జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుడు ఇప్పటికీ గుర్తే. బాపు తల నేలకు వాలిపోయింది.

పక్కింటి లచ్చవ్వ అత్త ఊరుకుంటుందా! ఆమె భర్త రాజం మామ పనిచేసేదీ అదే కార్ఖానాలో.

"గదేంది అన్నా, నిన్ను తీసేసిండ్రా? మరి మా ఆయన రోజు పోతనే ఉన్నడు గదా!"

అందరి కళ్లూ రాజం మామ మీద పడ్డాయి. ఆయన పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదువుతున్నట్టు కూర్చున్నాడు.

"ఏందయ్యా, మాట్లాడవ్? నేను కట్టిచ్చిన డబ్బా వట్టుకొని ఏడికి పోతున్నవ్?"

"...టేషన్‌కు."

"టేషన్‌కా! ఏ ఊరికి పోనీకి?"

"ఏ ఊరికి లేదే. బెంచీ మీద కూసొని వస్తున్న. నన్ను గూడ తీసేసిండ్రు... పదిహేను దినాలాయె."

అప్పుడు మా బాపు తలెత్తాడు.

"రాజం బావా... నువ్వు టేషన్ల ఉన్నవా? నీ పని ఉన్నదనుకొని, నీ కంట వడొద్దని, నేను నది ఒడ్డుకు పోయి ఎండల మాడుతున్న గదా! టేషన్లనైతే నీడన్న ఉంటుండె!"

ముందు లచ్చవ్వ అత్త నవ్వింది... కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే. తర్వాత అందరూ. పెద్దయ్య కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ఎన్నాళ్లకో బాపు నవ్వాడు... నేను అమ్మ ఒళ్లో దూరి ఆ నవ్వునే చూశాను.

మర్నాడు రెండు డబ్బాలూ మా వాకిట్లోనే తెరుచుకున్నాయి. రెండింట్లోనూ ఒకటే... జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. "మా లచ్చవ్వ చేసిన రొట్టె పెద్దగుంది సూడు" అంటాడు మామ. "మాడింది గూడ పెద్దగనే మాడింది" అంటాడు బాపు! తిన్నాక పగిలిన పెంకులు ఏరుకొచ్చి, ఏడు పేర్చి, నాతో ఏడుపెంకులాట ఆడారు. బతుకంతా పెంకులు పేర్చిన చేతులు... బంతి తగలగానే ఎంత చక్కగా మళ్లీ పేర్చాయో!

వానలకు ముందు ఇద్దరూ ఒక నిచ్చెన సంపాదించి, ఇళ్ల మీద జారిన పెంకులు సర్దే పని మొదలుపెట్టారు. కడుపులు నిండాయని అబద్ధం చెప్పను. నిండని రోజులే ఎక్కువ. అయినా బాపు రొట్టె తిన్నాడు, నిద్రపోయాడు, మాతో మాట్లాడాడు.

ఇప్పుడు నేను ఊరూరా తిరిగి వాక్యం చెప్తాను. ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, గ్రంథం ఒళ్లో పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. ఆకలి దీవెన అని బోధించేవాళ్లు ఎవరైనా ఉంటే... రండి, నా ఎదుట నిలబడండి! అరణ్యంలో దేవుడు జనానికి ఏడో రోజు విశ్రాంతి ఇచ్చినప్పుడు ఆరో రోజే రెండింతల మన్నా... ఆకాశపు రొట్టె... కురిపించాడు. తిండి పెట్టి మరీ కూర్చోమన్నాడు! ఖాళీ డబ్బాతో ఇంటికి పంపింది దేవుడు కాదు... మనుషులు. ఆనాటి నా సాక్ష్యంలో, సుట్టి దేవుడిచ్చాడన్న ఆ ఒక్క మాట తప్పు.

ప్రార్థన మాత్రం తప్పు కాలేదు. బాపు ఇంటికొచ్చాడు.

ఇప్పుడు బాబుపేట్‌లో పెంకుటిళ్లు వెతికినా కనబడవు. పని పోయిన సంగతి పక్కింటికే కాదు, పక్క గదికి కూడా తెలియదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను చూస్తూ కూర్చున్న మనిషి పనిలో ఉన్నాడో బెంచీ మీద ఉన్నాడో ఎవరు చెప్పగలరు... లేచి నిలబడి అడిగే పిల్ల కూడా చేతిలో ఫోనుతోనే ఉంది.

మీ ఇంటి నుంచీ ఎప్పుడైనా ఒక డబ్బా అలా ఊరికే పోయి వచ్చిందా? ఈరోజే పోయి వచ్చిందా? ఇక్కడే, ఈ కథ కింద రాయండి... సిగ్గుపడకండి. ఎండలో ఒక్కరే ఎందుకు? జరిగి కూర్చుంటాం... ఈ బెంచీ మీద ఇంకొకరికి చోటుంది.