ఉయ్యాల కొక్కెం కింద నా సామాను

ఇల్లు సర్దుకోవడం గురించి నేను ఒకరిని సలహా అడిగానంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. నేను సలహాలిచ్చే మనిషినే గాని పుచ్చుకునే మనిషిని కాను. అలాంటిదాన్ని, మాదాపూర్‌లో ఆ రెండు గదుల వాటాలోకి వచ్చాక కనబడ్డవాళ్ళనల్లా అడిగాను. ఒక్కరు తప్ప అందరూ ఒకే మాట చెప్పారు. ఆ మాట నచ్చక ఇంకొకరిని అడిగేదాన్ని.

మా అబ్బాయి కంప్యూటరు ఉద్యోగం కోసం ఆ వాటా కిరాయికి తీసుకున్నాడు. అప్పట్లో అక్కడ ఉన్నవి బండరాళ్ళు, సీతాఫలం పొదలు, కంకర లారీలు, వాటి మధ్య కొత్తగా లేచిన ఒక గాజు మేడ. మావాడి ఆఫీసు అందులోనే. వాడికి ఆ ఊళ్ళో రెండే దిక్కులు తెలుసు, ఒకటి ఆఫీసు, రెండోది ఇల్లు. కోడలు పురిటికి తెనాలి వెళ్తే వాడికి వండిపెట్టడానికి శ్రావణమాసంలో నేను వచ్చాను. ఒట్టి చేతులతో రాలేదు. ట్రంకు పెట్టె, ఇత్తడి గుండిగలు, ఆవకాయ జాడీలు, పాత చీరలతో కుట్టిన బొంతలు, రోలు, బియ్యం బస్తాలు, అన్నీ లారీకెక్కించి మరీ వచ్చాను.

వచ్చాక ఊరుకున్నానా, అదీ లేదు. పాలపొడి డబ్బాలు, నూనె డబ్బాలు, కడిగి ఆరేసి మడతపెట్టిన ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి పీచు పోగేశాను. ఆఫీసులో కంప్యూటర్లు దిగిన అట్టపెట్టెలు పారేస్తున్నారని మావాడు నోరు జారితే, అవీ తెమ్మన్నాను. వాటి లోపల తెల్లగా, తేలిగ్గా, గీరితే పళ్ళు జివ్వుమనే థర్మోకోల్ ముక్కలుండేవి.

"ఇవెందుకే అమ్మా?" అన్నాడు.

"రేపు కావలిస్తే ఎవడిస్తాడ్రా?"

"థర్మోకోల్ ఎందుకు కావాల్సొస్తుందే?"

"అది రేపు తెలుస్తుంది."

దాని ఉపయోగం ఏమిటో నాకు తెలియదు. తెలియదు గనకే దాచాను. తెలిస్తే వాడేసి ఉందును.

కోడలికి ఆడపిల్ల పుట్టింది. బారసాలకి వెళ్ళి చూసొచ్చాం. బిడ్డని మూడో నెలలో మా ఇంటికి పంపాలి. మూడో నెల వచ్చింది, వెళ్ళింది, పంపలేదు. అప్పుడు మా వియ్యపురాలు, మాకు వాటా కిరాయికిచ్చిన ఇంటివాళ్ళ ఫోనుకి చేసింది.

"ఏమీ అనుకోకండి వదినగారూ. మీ ఇంట్లో నడవాలంటే పక్కకి తిరిగి నడవాలటగా. అల్లుడుగారే చెప్పారు."

"వాడు చిన్నప్పణ్ణుంచీ పక్కకి తిరిగే నడుస్తాడండీ."

"ఉయ్యాల ఎక్కడ కడతారు?"

"ఇల్లన్నాక ఉయ్యాలకి చోటుండదా అండీ?"

"అయితే ఐదో నెలలో ముందు నేనొచ్చి చూస్తాను. చోటుంటే సరే. లేకపోతే అల్లుడుగారికి పెద్ద ఇల్లు దొరికాకే పంపుతాను."

ఫోను పెట్టేశాక వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. ఐదో నెల తప్పితే సరి నెలలో పసిబిడ్డని కదపరు. ఏడో నెలలో మూఢం. ఇక తొమ్మిదో నెలే. తొమ్మిదో నెలకి పిల్లకి మనుషుల ముఖాలు తెలిసిపోతాయి. తెనాలి అమ్మమ్మ తెలుస్తుంది, తాత తెలుస్తాడు, పక్కింటి పిల్లి కూడా తెలుస్తుంది. నేనెవరో తెలియదు. నన్ను చూసి జడుసుకుంటుంది. కన్నతండ్రిని చూసీ జడుసుకుంటుంది. వాడు రోజూ అన్నం తింటూ, "ఇప్పుడు బోర్లా పడుతోందటే అమ్మా, నవ్వుతోందటే," అని ఫోనులో విన్న కబుర్లు చెప్పేవాడు. ఆ మాటలు వింటూ కూర వడ్డించడం నావల్ల అయ్యేది కాదు.

అందుకని సలహాల మీద పడ్డాను.

మొదట మా ఇంటావిడని అడిగాను. నానక్‌రామ్‌గూడ మనిషి. అక్కడి పొలంలో కొంత అమ్మి ఈ ఇల్లు కట్టుకున్నారు. నన్ను పెద్దమ్మా అనేది. గుమ్మంలో నుంచుని లోపలికి ఒక్క చూపు చూసింది.

"పెద్దమ్మా, గీ డబ్బాలన్ని ఏం జేస్తవ్? సగం తీసి పడెయ్. ఇల్లు గదే పెద్దగైతది. గింత దానికి పరేషాన్ ఎందుకు?"

పడెయ్యకుండా పెద్దదయ్యే ఉపాయం చెప్పమన్నాను. "ఇగ గట్లయితే గోడలు జరపాలె," అని నవ్వుకుంటూ పోయింది.

తరవాత ఒక పాత వారపత్రిక దొరికింది, అందులో ఇంటి అలంకరణ మీద ఒక పేజీ. నా చదువు రెండో తరగతి మధ్యలో ఆగింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఒక పూటంతా చదివాను. చిన్న గది పెద్దగా కనబడాలంటే గోడకి నిలువుటద్దం పెట్టమన్నారు. బాగానే ఉంది, నా సామాను కూడా రెండింతలు కనబడుతుంది, చూసి సంతోషించవచ్చు. ఏడాదిగా వాడని వస్తువుని మొహమాటం లేకుండా వదిలించుకోమన్నారు. ఆ లెక్కన ఆ ఇంట్లోంచి మొట్టమొదట పోవలసింది నేనే. పేజీ మూసేశాను. పత్రిక మాత్రం దాచాను.

అప్పుడే ఇంటివాళ్ళు వాస్తు కోసం గేటు పగలగొట్టి ఇంకోవైపు పెట్టిస్తున్నారు. దానికోసం వాస్తు చూసే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. చేతిలో దిక్సూచి, వెనక ఇంటాయన. నేను నీళ్ళ బిందెతో అడ్డం నుంచున్నాను.

"అయ్యా, మా వాటాలోకి వచ్చి సామాను ఎక్కడ పెట్టుకోవాలో చెప్తే ఏమివ్వాలండీ?"

ఆయన చెప్పాడు.

"అయితే లోపలికి రానక్కర్లేదు. ఇక్కణ్ణుంచే చెప్పండి."

ఆయన మంచివాడు, నవ్వాడు. "బరువంతా నైరుతి మూల పెట్టమ్మా. ఈశాన్యం ఖాళీగా ఉంచి దేవుణ్ణి పెట్టుకో. అయితే దిక్కు సరిగ్గా చూసుకో, కావాలంటే దీంతో ఒక్కసారి..."

"తూర్పెటో తెలుసుకోడానికి నాకు ఆ డబ్బీ ఎందుకండీ? పొద్దున లేవడం లేదా నేను?"

చూశారా, ఎంత చక్కటి సలహా! దేన్నీ పారేయమనలేదు. ఒక మూల పెట్టమన్నాడు, అంతే. పైసా ఖర్చు లేదు.

వానలు వెనకపట్టాయి. పొద్దున్నే వీధి తలుపు తీస్తే ఎదురుగా, గాజు మేడ దగ్గర, సూర్యుడు కళ్ళు మిరుమిట్లు గొలుపుతూ కనబడేవాడు. రాగి చెంబుతో నీళ్ళు వదిలి నమస్కారం చేసుకునేదాన్ని. అదే తూర్పు. ఇంటి వెనక పెద్ద రాళ్ళ గుట్ట. మధ్యాహ్నం భోజనమయ్యాక లారీల దుమ్ముకి తలుపు, కిటికీ బిడాయించేస్తే మళ్ళీ దీపాల వేళకే తీయడం. ఆ తరవాత సూర్యుడు ఎటు పోయేవాడో నేనెప్పుడూ అడగలేదు.

వీధి తలుపు తూర్పు గనక ముందు గదిలో నైరుతి అంటే, తలుపు వైపు తిరిగి నుంచుంటే, కుడిచేతి పక్క లోపలి మూల. రెండు రోజులు నడుం విరగ్గొట్టుకుని మొత్తం సామానంతా ఆ మూలకి చేర్చాను. కింద ట్రంకు, దాని మీద గుండిగలు, వాటి మీద డబ్బాలు, ఆ పైన బొంతలు, అన్నిటి పైన అట్టపెట్టెలు, శ్లాబుని తాకేదాకా. అక్కడ శ్లాబుకి ఒక ఇనప కొక్కెం కూడా ఉంటే దాన్నీ వదల్లేదు, ప్లాస్టిక్ సంచులు కుక్కిన గోనెసంచి తగిలించాను. తలుపు పక్కన ఎడమ మూల ఖాళీ చేసి దేవుడి పటాలు పెట్టాను. నడవడానికి చోటొచ్చింది. మావాడు కూడా చేతులు చాపి చూసుకుని, "పర్వాలేదే," అన్నాడు. ఉయ్యాలకి మాత్రం ఫ్యాను విప్పేద్దామనుకున్నాను. చలికాలంలో ఫ్యానెందుకు? అది గది నట్టనడుమ, వంటింట్లోకి వెళ్ళే దారిలో ఉందన్న సంగతి తరవాత చూసుకోవచ్చు అనుకున్నాను.

వియ్యపురాలు రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగింది. చెప్పులు విడవకముందే గుట్ట వంక, లారీల వంక, నా వంక చూసింది. లోపలికొచ్చి, మూలనున్న పోగుని కింద నుంచి శ్లాబు దాకా చూసింది.

"ఇదేమిటండీ వదినగారూ, గోపురమా?"

"నైరుతి బరువండీ. వాస్తు."

వాస్తు అనేసరికి ఆవిడ తగ్గింది. ఆవిడకీ అది పట్టింపే. నేను ధైర్యం తెచ్చుకుని ఫ్యాను సంగతి చెప్పాను.

"నట్టింట్లో కడితే వంటింట్లోకి ఎలా వెళ్తారండీ? బిడ్డ కిందనుంచి దూరా?"

"వంగి వెళ్తామండీ. వంగితే ఏం, నడుముకి మంచిది."

"సరే, ముందు ఇది చెప్పండి. పిల్ల తల తూర్పుకి ఉండాలి కదా. తూర్పెటు?"

నేను దర్జాగా వీధి తలుపు చూపించాను. ఎదురుగా గాజు మేడలో సూర్యుడు ధగధగలాడుతున్నాడు. ఆవిడ ఒప్పుకుని తలూపింది. కాఫీ కోసం వంటింట్లోకి తీసుకెళ్ళాను. అక్కడ వెనక కిటికీలోంచి ఎండ పొయ్యి మీద పడుతోంది. ఆవిడ ఆగిపోయింది.

"అక్కడా ఎండ, ఇక్కడా ఎండ. మీ ఇంటికి ఇద్దరు సూర్యులా వదినగారూ?"

"అదా, అది గుట్ట మీద పడి వెనక్కి తిరిగొస్తుందండీ," అన్నాను.

సరిగ్గా అప్పుడే ఇంటావిడ పాలగిన్నెతో వచ్చింది. మా మాటలు విని గిన్నె గట్టు మీద పెట్టేసింది.

"ఏంది పెద్దమ్మా, గది తూర్పా? సూర్యుడు గుట్ట ఎనకకెల్లి గదా వస్తడు! గక్కడ కొట్టేది అద్దం. బిల్డింగు అద్దంల పడి వాపసు వస్తది ఎండ. మీ తలుపు పడమర."

నేను వీధిలోకి వెళ్ళి చూశాను. వెనక్కి వచ్చి కిటికీలోంచి చూశాను. గుట్ట మీదికి తల ఎత్తి అసలు సూర్యుడు నన్నే చూస్తున్నాడు.

"మరి నేను రోజూ దణ్ణం పెడుతుంటే చెప్పలేదేమే అమ్మాయ్?" అన్నాను, తప్పు తనదైనట్టు.

"నాకేమెరుక? కొడుకు నౌకరి జేసే బిల్డింగుకు మొక్కుతున్నవనుకున్న! ఎంత ప్రేమగల్ల తల్లి అని మా ఇంట్ల అందరికి చెప్పిన పెద్దమ్మా."

మా వియ్యపురాలు కొంగు నోట్లో కుక్కుకుంది. కుక్కుకున్నా శబ్దం వచ్చింది. నవ్వు ఆగాక చూపుడువేలితో గాలిలో దిక్కులు గీసుకుంది.

"ఉండండి వదినగారూ. అది పడమరైతే... మీ గోపురం ఈశాన్యంలో ఉంది. మీ దేవుళ్ళు నైరుతిలో ఉన్నారు!"

ఈశాన్యంలో కొబ్బరి పీచు, నైరుతిలో వేంకటేశ్వరస్వామి. బిడ్డ ఈ ఇంటికి రాదు, వచ్చినా నేను రానివ్వకూడదు అనిపించింది. నేను అలా గోడకి ఆనుకుని నుంచుంటే ఆవిడ చీర పైకి దోపి, బల్ల లాక్కుని ఎక్కింది.

"నుంచుంటే ఏమవుతుందండీ? పట్టుకోండి." పై అట్టపెట్టె నా చేతికొచ్చింది.

ముగ్గురం కలిసి పోగు దింపాం. గోనెసంచి తీసేసరికి కొక్కెం బయటపడింది. ఇంటావిడ దాన్ని చూసి, "అరె, గిదే గదా! మా బిడ్డ ఉయ్యాల కోసం శ్లాబు పోసేటప్పుడే పెట్టిచ్చినం. నువ్వు దానికి కవర్లు ఉయ్యాలూపుతున్నవా?" అంది. నేను గోనెసంచి మూతి ముడేసి పక్కన పెట్టాను.

దేవుడి పటాలు కొక్కెం పక్క గోడకి వెళ్ళాయి, బరువంతా ఇప్పుడు తలుపు పక్క మూలకి పోవాలి. అక్కడ తలుపు రెక్క తిరగాలి గనక సగమే పట్టింది. మిగతా సగం గది మధ్యలో కూర్చుని నా ముఖం చూసింది. ఒక్కొక్కటీ తీసుకున్నాను. అట్టపెట్టెలు ఇంటివాళ్ళ గేటు పనివాళ్ళు పట్టుకుపోయారు. పెద్ద నూనె డబ్బాలు ఇంటావిడ జొన్నలకని తీసుకుంది. థర్మోకోల్ ఎవరూ తీసుకోలేదు. దాన్ని నేనే కుప్పతొట్టి దాకా మోశాను, మోస్తున్నంతసేపూ అది ఒళ్ళో పసిపిల్లలా కీచుకీచుమంది.

తిరిగొచ్చేసరికి వియ్యపురాలు పాలపొడి డబ్బాల ముందు గొంతుక్కూర్చుని మూతలు తీసి పెట్టి చూస్తోంది.

"వీటి మూతలు భలే గట్టిగా ఉన్నాయండీ. ఊరికే పారేయడమెందుకు... మా ఇంట్లో చింతపండుకి..."

"తీసుకెళ్ళండి వదినగారూ," అన్నాను. ఎంత ఆనందంగా అన్నానో చెప్పలేను. తెనాలిలో ఆవిడ అటక నేను చూశాను. బారసాలనాడు నన్ను ఎక్కనివ్వలేదు గాని, కింద నుంచే చూశాను.

పని కాలేదు ఇంకా. కొక్కెం బరువు మోస్తుందో లేదో చూడాలంది. నా పాత నేతచీర మెలిపెట్టి కట్టింది, అందులో రోటి పొత్రం పడుకోబెట్టింది. ముగ్గురం దూరంగా నుంచున్నాం. ఆవిడ చెయ్యి చాపి ఒక్క ఊపు ఊపింది. పొత్రం ఇటొచ్చింది, అటెళ్ళింది. కొక్కెం కిర్రుమనలేదు. ఇంకో ఊపు. ఆవిడ ఎందుకో జోల పాట ఎత్తుకుంది, రాయికే. నేనూ గొంతు కలిపాను. ఇంటావిడ మా ఇద్దర్నీ చూసి, "గట్టిగ ఊపకుండ్రి, పొత్రం లేస్తది," అంది.

వియ్యపురాలు చీర ముడి విప్పుతూ, "మంచి రోజు చూసుకుని ఐదో నెలలోనే తీసుకొస్తాను," అంది. నేను తల తిప్పుకుని దేవుడి పటాల దుమ్ము తుడిచాను, దుమ్ము లేకపోయినా.

"ఒకటి మాత్రం చెప్తున్నాను వదినగారూ. పిల్ల తల ఎటు పెట్టాలో మా అమ్మాయి చూసుకుంటుంది. మీరు చెప్పకండి."

"చెప్పనండీ," అన్నాను.

ఐదో నెలలో పిల్ల వచ్చింది. ఉయ్యాలలో వేశారు. నేను వంగి ముఖం చూశాను. నన్ను చూడగానే కెవ్వుమంది. కోడలు పరుగెత్తుకొచ్చి ఎత్తుకోబోతే వద్దన్నాను. ఉయ్యాల తాడు పట్టుకుని అక్కడే కింద కూర్చున్నాను. ఏడవనీ. రోజూ నా ముఖమే చూస్తూ ఏడిస్తే, అలవాటవ్వకపోదు.