అసిటేట్ మీద తెల్ల చారలు

ఎనభైల చివర్లో, వానలు మొదలైన వారంలో, కలకత్తా రేవు పక్క ఖిదిర్‌పూర్ బజారు వెనక సందులో ఉన్న రికార్డుల దుకాణం బాధ్యత నా చేతికి వచ్చింది. అంతకు ముందు పదకొండేళ్ళు అదే దుకాణంలో గ్రేడరుగా పనిచేశాను. గ్రేడరంటే పాత రికార్డును పరీక్షించి, అది ఏ స్థితిలో ఉందో తేల్చి చెప్పే మనిషి. మా యజమాని హిందీ సినిమా రికార్డులు అమ్మేవాడు. క్యాసెట్లు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాక విసిగిపోయి, అరలతో సహా దుకాణం నాకు వదిలేసి సొంతూరు వెళ్ళిపోయాడు. ఆ అరల్లో మిగిలింది ఎవరూ ముట్టని సరుకు. ఓడల మీద వచ్చిన నావికులు రేవులో దిగినప్పుడు వదిలించుకుపోయిన పంక్, గరాజ్ రాక్ రికార్డులు. ఇక ఇవే అమ్ముదామని నిర్ణయించుకున్నాను. అది ధైర్యం కాదు. కొత్త సరుకు కోసం తిరిగే ఓపిక లేదు, అంతే.

ఈ సంగీతం ఎరగని వాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. గరాజ్ రాక్ అంటే అరవైల్లో కుర్రాళ్ళు కారు షెడ్డులో చేరి, వచ్చీ రాని వాయిద్యాలతో, గొంతు చించుకుని పాడినది. పంక్ దాని తరువాత పుట్టింది. వేగం ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ, పాట రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. మా నాన్న రేవులో సరుకు లెక్కల గుమాస్తా. ఆయన ఒక్కసారి దుకాణానికి వచ్చి, విని, మళ్ళీ రాలేదు. మా అమ్మ మాత్రం భోజనం క్యారియరు తెచ్చినప్పుడల్లా గుమ్మంలోనే నిలబడి, "ఏట్రా ఆ గోల, లోపల ఎవుల్ని కొడతన్నారు?" అని అడిగేది. వీధి చివర కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు నుంచి ఒక దాదా, అంటే బెంగాలీలో అన్న, వచ్చి ఇది సామ్రాజ్యవాద సంగీతమా అని ఆరా తీశాడు. వీళ్ళు ఉద్యోగాలు లేవని అరుస్తారు, తమ ప్రభుత్వాన్ని తిడతారు అని చెప్పాను. ఆయన, తిట్టేది మన ప్రభుత్వాన్ని కాదు కదా అని రూఢి చేసుకుని వెళ్ళాడు.

మా పనికి ఒక పద్ధతి ఉండేది. దుకాణానికి వచ్చిన ప్రతి రికార్డునూ ముందు కడగాలి, తరువాత రెండు వైపులా పూర్తిగా ఆడించి వినాలి, ఆ తరువాత చీటీ రాయాలి. కడగడానికి డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల సబ్బు, ఒక వంతు స్పిరిట్. మెత్తటి నూలు గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవాలి. అడ్డంగా తుడిస్తే గీతలు పడతాయి. పాతకాలం లక్క రికార్డులకు మాత్రం స్పిరిట్ తగలకూడదని ఈ పనిలో మొదటి రోజే నేర్పుతారు. వినేటప్పుడు అసలు కష్టం, వాయించిన వాళ్ళు కావాలని చేసిన రొదేదో, రికార్డు అరిగి వచ్చిన రొదేదో విడదీసి చెప్పడం. ఈ సంగీతంలో ఆ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. చీటీలో గ్రేడు వేసి, లోపాలు వివరంగా రాసేవాణ్ణి. అన్నిటికన్నా పై గ్రేడు "మింట్", అడుగున "గుడ్". "గుడ్" అని రాశానంటే అది బాగాలేదని అర్థం. ఈ లోకంలో అలాంటి మర్యాదలు ఉంటాయి.

ఆ చీటీ చూసి, రికార్డు వినకుండానే కొనుక్కుపోయేవాళ్ళు. జాదవ్‌పూర్ నుంచి వచ్చే విద్యార్థులు, రిపన్ స్ట్రీట్ ఆంగ్లో ఇండియన్లు, అందరిదీ అదే నమ్మకం. ఒక్క రికార్డుకీ ఒక్క మెట్టయినా ఎక్కువ వెయ్యలేదని నాకు గర్వంగా ఉండేది.

తొంభైల మధ్యలో, ఒక గురువారం, అప్పన్న దుకాణానికి వచ్చాడు. పక్కనే ఉన్న వాట్‌గంజ్‌లో ఉండేవాడు. వాళ్ళది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఓడల మరమ్మతు వర్క్‌షాపులో పాలిష్ మిస్త్రీ. ఓడ గదుల్లో ఉండే చెక్క సామానుకు వార్నిష్, పాలిష్ పట్టడం ఆయన పని. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. నేను అప్పన్న దాదా అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు. ఎప్పుడూ ఏమీ కొనలేదు. ఆ రోజు తువ్వాల్లో చుట్టిన రికార్డు ఒకటి బల్ల మీద పెట్టి, "బాబూ, ఇది ఆడతాదేటి?" అన్నాడు.

అరవైల చివర వాట్‌గంజ్‌లో నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక గరాజ్ బ్యాండు పెట్టారట. గిటారూ గొంతూ సిరిల్‌వి. సిరిల్ ఏక్‌బాల్‌పూర్ ఆంగ్లో ఇండియన్, నా దగ్గర క్రమం తప్పకుండా రికార్డులు కొనే మనిషి. డ్రమ్ములు అప్పన్నవి. అమ్మవారి పండగకు డప్పు కొడుతుంటే చూసి సిరిలే పిలుచుకుపోయాడట. ఒక స్టూడియోలో ఒకే ఒక్క పాట రికార్డు చేశారు, తువ్వాల్లో ఉన్నది అదే. దాన్ని విన్న కంపెనీ ఆఫీసరు, పాట మధ్యలో డ్రమ్ము తాళం తప్పింది, ఇది పనికిరాదు అని పంపేశాడు. బ్యాండు అక్కడితో సరి. అప్పటి నుంచీ ఎక్కడ నలుగురు చేరినా సిరిల్ ఆ మాటే ఎత్తేవాడు. అప్పన్న చెయ్యి జారకపోతే మా బతుకులు వేరేగా ఉండేవని. అప్పన్న వాదన ఏమిటంటే, చెయ్యి జారలేదు, సిరిల్ ఒక లైను మింగేసి ముందుకు దూకాడు, అందుకని డ్రమ్ము వెనకబడినట్టు అనిపించిందని. ఈ తగువు పాతికేళ్ళుగా నడుస్తోంది.

సిరిల్ ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోతున్నాడు. సోమవారం ప్రయాణం. తిరిగి వచ్చే ఉద్దేశం లేదు. "ఆడు ఎలిపోయేలోగా ఒక్కసారి ఇనాల బాబూ. నా చెయ్యి తప్పిందో, ఆడి నోరు తప్పిందో తేలిపోవాల" అన్నాడు అప్పన్న. ఇన్నాళ్ళూ ఎందుకు వినలేదని అడిగాను. ఇంట్లో రికార్డులాడించే మిషను లేదు, ట్రంకు పెట్టెలో పెట్టి ఉంచానన్నాడు. ఎక్కువసార్లు ఆడిస్తే అరిగిపోతుందని స్టూడియో వాళ్ళు చెప్పారన్నాడు. తన చెయ్యే తప్పి ఉంటుందేమోనని భయం కూడా ఉందన్నాడు. శనివారం మధ్యాహ్నం సిరిల్‌ని తీసుకొస్తాను, అందరం కలిసి మొదటిసారి విందాం, అప్పటిదాకా మీరు వినకండి, విన్నాక ఎవరిది తప్పో చీటీ రాయండి అని అడిగాడు. వెళ్తూ వెళ్తూ, "మెత్తటిది బాబూ, జాగర్త" అన్నాడు. నేను తల ఊపాను. రికార్డుల గురించి నాకు ఒకరు చెప్పడమేమిటని లోపల అనుకున్నాను.

అలాంటి రికార్డును మా పనిలో అసిటేట్ అంటారు. అల్యూమినియం పళ్ళెం మీద వార్నిష్ లాంటి పూత పూసి, ఆ పూతలో నేరుగా సూదితో గాడి కోస్తారు. అచ్చు వెయ్యడం ఉండదు, రెండో కాపీ ఉండదు. ఆడించిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. గుర్తుపట్టడం తేలిక. మధ్య చిల్లు అంచున లోహం మెరుస్తుంది, దాని పక్కన ఇంకో చిన్న చిల్లు ఉంటుంది. లక్కకు లాగే దీనికీ స్పిరిట్ పడదు.

శుక్రవారం కరెంటు పోయింది. కరెంటు లేనప్పుడు కడగడం, వచ్చాక వినడం మా అలవాటు. ఆ పూట కడగాల్సినవి పదికి పైగా ఉన్నాయి. నడుము లాగేస్తోంది, ఉక్క పోస్తోంది. వరసలో అప్పన్న రికార్డూ చేతికి వచ్చింది. ఆడించవద్దన్నాడు గానీ కడగవద్దని అనలేదు కదా అనుకున్నాను. చిల్లు వైపు చూడలేదు. పదకొండేళ్ళ గ్రేడరు పనీ, ఆపైన ఆరేడేళ్ళ యజమానితనమూ కలిసి ఆ చిన్న పని చెయ్యలేకపోయాయి. గుడ్డ తడిపి రెండు చుట్లు తిప్పేసరికి గుడ్డ నల్లబడింది. వినైల్, అంటే మామూలు ప్లాస్టిక్ రికార్డు మీద మురికి బూడిద రంగులో వస్తుంది, అంత నల్లగా ఎప్పుడూ రాదు. అప్పుడు చూశాను చిల్లు అంచు. అప్పటికే పూత మీద తెల్లటి చారలు లేస్తున్నాయి. ఆరితే పోతాయేమోనని బల్ల మీద నిలబెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను. ఆరే కొద్దీ ఇంకా తెల్లబడింది.

శనివారం ఇద్దరూ వచ్చారు. అప్పన్న సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేను ఏమీ చెప్పకుండా రికార్డు తిప్పి సూది దించాను. బయటి అంచుకు గుడ్డ సరిగ్గా తగిలినట్టు లేదు, మొదటి అర నిమిషం వినిపించింది. సిరిల్ పడుచు గొంతు, దాని వెనక డ్రమ్ము, ఎక్కడా తొణకకుండా. అప్పన్న బల్ల మీద వేళ్ళతో తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ తరువాత వాన పడ్డట్టు ఒకటే హోరు. పాట మధ్యభాగం, ఎవరిది తప్పో తేలాల్సిన భాగం, ఆ హోరులో పూర్తిగా మునిగిపోయింది. సూది రెండుసార్లు జారింది, నేను ఎత్తేశాను. నువ్వు అమ్మేవన్నీ ఇలాగే ఉంటాయి కదా అని సిరిల్ నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, దీనికి ఏమైంది అని అడిగాడు.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నేను అసిటేట్లకు వయసు మీద పడితే పూతలోని నూనె తెల్లటి పొరగా పైకి వస్తుందని చెప్పాను. నది పక్క ఊరు, తేమ ఎక్కువ, ట్రంకు పెట్టెలో గాలి ఆడదు అని చెప్పాను. చెప్పిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. కాకపోతే ఏ ఒక్కటీ ఆ రికార్డుకు జరిగింది కాదు. చీటీ కూడా రాశాను. "తేమ వల్ల, సరిగ్గా భద్రపరచకపోవడం వల్ల పాడైంది. మధ్యభాగం వినపడదు." సిరిల్ దాన్ని పైకి చదివి, జేబులో పెట్టుకుని, అప్పన్న వైపు తిరిగాడు. తాళమూ నిలపలేకపోయావు, చివరికి దీన్నీ నిలపలేకపోయావు అని హిందీలో అన్నాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టు అన్నాడు. అప్పన్న రికార్డును బల్బు కింద వంచి చాలాసేపు చూశాడు. తరువాత తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం సిరిల్ వెళ్ళిపోయాడు. బుధవారం వరకూ నాకు అన్నం సయించలేదు. సిగ్గేసింది, అంతకన్నా వేరే మాట లేదు. టిఫిను వేళకు వర్క్‌షాపు గేటు దగ్గరికి పోయి అప్పన్నను పిలిపించి జరిగింది చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"తెలుసు బాబూ" అన్నాడు. "పాలిష్ మీద స్పిరిట్ పడితే అలాగే తెల్లగా లెగుస్తాది. గుడ్డ ఎటు తిప్పితే అటే చార. పాతికేళ్ళుగా నా పని అదే గదా."

మరి ఆ రోజే ఎందుకు అనలేదని అడిగాను.

"మీరు సెప్తారని సూసాను. మీరేమో చీటీ రాసీసినారు. మీ చీటీ సూసే గదా సిరిల్ ఇన్ని రికార్డులు కొన్నాడు. దాని ముందు నా మాట ఎవుడింటాడు?"

సిరిల్ చిరునామా ఆయన దగ్గరే తీసుకుని ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. రికార్డు శుక్రవారం దాకా చూడ్డానికి బాగానే ఉందని, నేను స్పిరిట్‌తో కడిగి పాడుచేశానని, ఆ చీటీలో రాసింది తప్పని రాశాను. వినిపించిన భాగంలో డ్రమ్ము నిలకడగా ఉందని, కనుక మధ్యలో కూడా అప్పన్న చెయ్యి తప్పి ఉండదని చేర్చాను. పోస్టు చేసే ముందు అప్పన్నకు తెలుగులో చదివి వినిపించాను. చివరి మాట దగ్గర ఆపమన్నాడు. "ఇన్నంత వరకే రాయండి బాబూ. ఇననిది రాయకండి" అన్నాడు. మధ్యభాగం గురించి రాసింది కొట్టేసి పంపాను. జవాబు రాలేదు. ఉత్తరం అందిందో లేదో కూడా తెలియదు.

ఆ తరువాత దుకాణం మరో పదేళ్ళు నడిపాను. చీటీ అడుగున ఇంకో గడి పెంచాను. దుకాణంలో రికార్డుకు ఏం చేశాం, మా చేతుల్లో ఏం చెడింది అని. చాలా చీటీల్లో అది ఖాళీగానే ఉండేది, కొన్నింటిలో నింపాల్సి వచ్చేది. సరుకు లోపం రాసే మనిషి ముందు తన చేతి లోపం రాయాలని నేను నేర్చుకున్నాను. నేర్చుకున్నాక తప్పకుండా పాటించాను. అది చాలామంది కొనుగోలుదారులకు ఉపయోగపడింది, అప్పన్నకు మాత్రం ఉపయోగపడలేదు.