పిన్నిది ఐదున్నర, బాబాయిది మూడు

మా ఇంట్లో ఎవరి ఎత్తెంతో, ఎవరి చెప్పుల సైజెంతో ఎవరికీ గుర్తుండదు గానీ, పిన్ని శ్రుతి ఐదున్నర అని మాత్రం అందరికీ తెలుసు. శ్రుతి అంటే పాటకు పునాది. హార్మోనియం మీద ఏ మెట్టును ‘స’ అనుకుని మొదలుపెడతామో అది. అంకె ఆ మెట్టుది, ‘అర’ అంటే పక్కనున్న నల్లమెట్టు. ఆ మెట్టు ఎంత పైనుంటే గొంతు అంత పైకెక్కాలి. పిన్ని గొంతు అవలీలగా ఎక్కేది. చెల్లెలి శ్రుతి గురించి చెప్పడమంటే మా అమ్మకు సొంత పిల్లల మార్కులు చెప్పినంత సంబరం.

పిన్ని మేడమీద గదిలో పిల్లలకు పాట నేర్పేది. కింద బాబాయి కుట్టుపని షాపు. నేనూ కొన్నాళ్లు వెళ్లాను. నాకూ సంగీతానికీ ఆమడ దూరమని తొందరగానే తేలిపోయింది. అయినా ఆ గది నాకిప్పటికీ ఇష్టం. అక్కడ ముందు పాట ఉండదు, ఊపిరే. “భుజాలు లేపకు, పొట్ట నిండాలి” అంటూ మా పొట్టల మీద చెయ్యేసి చూసేది. “నోరు తెరువమ్మా, ముత్యాలేం రాలిపోవులే” అని నవ్వేది. గమకం పలకమంటే గొంతు ఎడాపెడా ఊపేసేవాళ్లం. “స్వరాన్ని ఊయలూపమన్నాను, వణికించమన్లేదు” అనేది. కొత్త పిల్ల ఎవరొచ్చినా ఒక్కో మెట్టూ నొక్కుతూ ఆ గొంతుకు సరిపడే శ్రుతి ఓపిగ్గా వెతికేది. “పక్కవాళ్ల శ్రుతిలో పాడకు. పక్కవాళ్ల చెప్పులేసుకుని ఎంత దూరం నడుస్తావు?” అనేది.

బాబాయికి ఎవరూ నేర్పలేదు. అయినా పాడతాడు. ఆయనది మూడు. పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసి మా అమ్మమ్మ జోలపాట పాడబోయారట. పిన్ని శ్రుతిలో పైస్థాయికి వెళ్లేసరికి బాబాయి కళ్లు తేలేశాడు. సరే, ఆయన శ్రుతిలో పాడదామంటే పిన్ని గొంతు అడుగున ఎక్కడో ఉత్త గాలిగా మిగిలింది. మధ్యలో నాలుగు పెట్టుకుంటే ఇద్దరికీ చెడింది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత వాళ్లు కలిసి పాడింది లేదు. ఆమె పైన, ఆయన కింద. పైన క్లాసు మొదలైతే బాబాయి మిషను ఆపేసి, చేతికుట్టు పని అందుకునేవాడు. క్లాసు అయిపోయాక మళ్లీ ఆ జోలపాటే పాడుకుంటూ మిషను తొక్కేవాడు.

అరవై దాటాక ఒకరోజు పై ‘స’ దగ్గర పిన్ని గొంతు పగిలింది. మొదట జలుబంది. తర్వాత్తర్వాత పైస్థాయి వచ్చేసరికి “మీరు పాడండి, నేను వింటాను” అనడం మొదలుపెట్టింది. గొంతు డాక్టరు చూసి, “జబ్బేం లేదమ్మా, వయసు. శ్రుతి తగ్గించుకుని హాయిగా పాడుకోండి” అన్నాడు. మేమూ అదే చెప్పాం. పిన్ని వింటేగా! ఊళ్లో పిల్లలందరికీ ఎవరి శ్రుతి వాళ్లకు వెతికిపెట్టిన మనిషి, తనది మాత్రం కదపనంటుంది. మొండిఘటం.

“తగ్గించి పాడటం కంటే మానెయ్యడం నయం” అని క్లాసు ఆపేసింది. హార్మోనియం మీద దుప్పటి కప్పేసింది. నిజంగానే మానేసింది, కూనిరాగం కూడా లేదు. “మీ పిన్ని తింటోంది, మాట్లాడుతోంది, అన్నీ చేస్తోంది. కానీ ఇంట్లో మనిషి లేనట్టుందే” అన్నాడు బాబాయి నాతో. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదలు. పిన్ని మీద పిచ్చికోపం వచ్చింది నాకు.

ఏమీ తోచక పిన్ని షాపులోకొచ్చి గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. ఓ సాయంత్రం నేను జాకెట్టు వదులు చేయించుకోవడానికి వెళ్లాను. ఎందుకు బిగుతైందో అడక్కండి. బాబాయి ప్యాంటు అంచు మడుస్తూ అలవాటు కొద్దీ జోలపాట అందుకున్నాడు. పిన్ని సూదిలో దారం ఎక్కిస్తోంది, ధ్యాసంతా దాని మీదే. రెండో వరుస దగ్గర ఇంకో గొంతు వినిపించింది. పిన్నిదే. తను పాడుతున్నట్టు ఆమెకే తెలీదు.

పాట పైస్థాయికెక్కింది. ఇక్కడే పగులుతుందని నేను ఊపిరి బిగబట్టాను. పగల్లేదు. పూర్వపు మెరుపు లేదు, కాస్త బొంగురుగా ఉంది, కానీ బాబాయి గొంతును ఆనుకుని నిలబడింది. బాబాయి చెయ్యి ఆగిపోయింది. పాట మాత్రం ఆపలేదు. తను ఆపితే ఎక్కడ ఆమె ఆపేస్తుందోనన్న భయం ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది.

పాట అయ్యాక గానీ పిన్నికి తెలిసిరాలేదు. సూది పక్కన పెట్టి గబగబా మేడెక్కింది. కాసేపటికి పైనుంచి హార్మోనియం మీద ఒకే ఒక్క మెట్టు మోగింది. మూడు. అదే అలా మోగుతూనే ఉంది. మేం వెళ్లేసరికి పిన్ని ఏడుస్తోంది.

“చూశారా, ఎంత కిందికి జారిపోయానో” అంది.

బాబాయి మెడలో టేపుతోనే ఆమె పక్కన నేలమీద కూలబడ్డాడు.

“జారిపోవడమేంటే పిచ్చిదానా. నేనుండేది ఇక్కడే కదా. పెళ్లైన దగ్గర్నుంచీ ఒక్కణ్నే పాడుకుంటున్నా. ఇన్నాళ్లకొచ్చావు.”

పిన్ని కళ్లు తుడుచుకుంది.

“రెండో వరుసలో మాట మధ్యలో ఊపిరి తీస్తారు మీరు. ఇన్నేళ్లూ పైన కూర్చుని వినలేక చచ్చాను” అంది. హార్మోనియం తిత్తి మీంచి చెయ్యి తీసి ఆయన పొట్ట మీద పెట్టింది. “భుజాలు లేపకండి. ఊఁ, మొదట్నుంచి.”