ఖాళీ డబ్బా నడక

మా పై అంతస్తులోకి ఈ మధ్యే ఒక అమ్మాయి అద్దెకు దిగింది. ముప్పై ఏళ్లుంటాయేమో. రోజూ సాయంత్రం పని నుండి వచ్చి, సగం మెట్లెక్కి, సరిగ్గా నా వంటింటి కిటికీ పక్కన ఆగుతుంది. మనిషి కనబడదు, ఆయాసం ఒక్కటే వినబడుతుంది. ఆ చప్పుడు చెవిన పడగానే నా చేతిలో ఏ పని ఉంటే ఆ పని ఆగిపోతుంది. మనవరాళ్లను ఎత్తుకుని పెంచిన దాన్ని, ఇప్పటికీ ఆ చప్పుడుకు నా అరచేతులు చల్లబడతాయి. ఎందుకంటే అది మా అమ్మ చప్పుడు.

మాది ఝరాసంగం దగ్గర పల్లె. అమ్మ భారీ మనిషి. ఊళ్లో ఎవరూ ఆమెను లావు అని అనలేదు, 'మంచిగున్నది' అనేవాళ్లు. మా వైపు ఎవరైనా ఒళ్లు చేస్తే 'మంచిగైనవ్' అని మెచ్చుకుంటారు. ఆరోగ్యానికీ అదే మాట, లావుకూ అదే మాట. చిక్కితే మాత్రం 'ఏమైంది బిడ్డా' అని ఊరంతా అడుగుతుంది. అమ్మ ఆయాసపడుతుంటే ఎవరూ ఏమీ అడగలేదు. నలభై నిండకముందే, ఒక మధ్యాహ్నం కందులు చెరుగుతూ చెరుగుతూ చేట పక్కన పెట్టి, 'జర ఊపిరి ఆడ్తలేదే' అంది. నేను చెంబుతో నీళ్లు తెచ్చేలోపే గోడకు ఒరిగిపోయింది. గుండె ఆగిందని తరువాత ఎవరో చెప్పారు. నాకప్పుడు పెళ్లీడు.

డెబ్బైల నడుమ పెళ్లయి జహీరాబాద్ వచ్చాను. మా ఆయనకు తాలూకా కచేరీలో నౌకరి. పల్లెలో జొన్నరొట్టె తిన్నవాళ్లం, జీతం రాగానే మూడు పూటలా తెల్లన్నానికి మారాం. రొట్టె తినడమంటే ఇంకా లేనితనంలోనే ఉన్నామని చెప్పుకోవడమన్నట్టు ఉండేది. మా అత్తమ్మ నాకు కొసరి కొసరి పెట్టేది. కోడలు నిండుగా ఉంటే ఆ ఇంటి పెట్టుపోతలకు పేరు. ఇద్దరు పిల్లలు పుట్టేసరికి నేను అచ్చం మా అమ్మనయ్యాను. ఒకరోజు నీళ్ల బిందె ఎత్తి చంకన పెట్టుకుంటుంటే నా నోట్లోంచే ఆ చప్పుడు వచ్చింది. మొదట వెనక్కి తిరిగి చూశాను, ఎవరో ఉన్నారనుకుని. ఎవరూ లేరు. ఆ రోజు నుండి పిల్లల తలలు దువ్వుతున్నా, బియ్యం ఏరుతున్నా ఒకటే లెక్క: అమ్మ పోయిన వయసుకు నాకింకా ఎన్నేళ్లుంది?

ఈ భయాన్ని ఎవరికి చెప్పుకోవాలి? 'మంచిగనే ఉన్నవ్ గద' అంటారు. అందుకని నాకు తోచిన ఉపాయంగా ఒక్కపొద్దులు పట్టాను. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకన్నకు. భక్తి అంటే ఇంట్లో ఎవరూ కాదనరు కదా! పొద్దంతా కడుపు మాడ్చుకుని, దీపం పెట్టాక ఒక్కసారి తినేదాన్ని. ఆ ఒక్కసారి ఎంత తినేదాన్నో దేవుళ్లకే తెలియాలి. ఆ మీదట సాబుదానా, అరటిపండ్లు, పాలు. ఒళ్లు తగ్గకపోగా కళ్లు తిరగడం మొదలైంది. ఒక శనివారం బోరింగు దగ్గర నీళ్లు కొడుతూ కొడుతూ పడిపోయాను. పడేటప్పుడు అనుకున్నది గుర్తుంది: అయిపోయింది, వచ్చేసింది.

కళ్లు తెరిచేసరికి నా తల ఖైరున్నీసా ఆపా ఒడిలో ఉంది. గోడకవతలి ఇల్లు ఆమెది. ఉర్దూ బడిలో పెద్ద పంతులమ్మ. భర్త పోయాడు, ఒక్క కొడుకు బీదర్‌లో పనిచేసేవాడు. అక్కను ఆపా అంటారు వాళ్లు, గల్లీ అంతటికీ ఆమె ఆపానే. ఒకప్పుడు నాకంటే లావుగా ఉండేదట. చక్కెర బీమారి వచ్చాక ఒళ్లు తగ్గించుకుంది, దాంతో 'పాపం, లోపల ఏదో రోగం తింటున్నది' అని ఆమె వెనక గల్లీ గుసగుసలాడేది. నా మొహం మీద నీళ్లు చల్లి, ఎందుకు పడ్డానో నా నోటితోనే చెప్పించింది. విని నవ్వింది.

"అరే పాగల్! రంజాన్ నెలంత మేం పొద్దంత నీళ్లు గూడ ముట్టం. పండుగనాడు చూడు, నా కుర్తాలు ఒక్కటి పట్టయ్. పొద్దంత మానిందంత పొద్దుగూకినంక వసూల్ చేస్తం గద! రోజా అల్లా కోసం, నడుము కోసం గాదు. నీ ఒక్కపొద్దు గూడ గంతే. దేవునిది దేవునికియ్యి, దాంట్ల నీ లాభం కలుపకు."

"మరి నేను మా అమ్మ లెక్క పోతే, ఆపా?" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఏడుపు ఆగలేదు.

ఆమె నవ్వు ఆపేసింది. నాకు ధైర్యం చెప్పలేదు, ఏమీ కాదని అనలేదు. "నిన్న నువ్వేం తిన్నవో చెప్పు," అంది. అన్నీ చెప్పాను. అందరూ తిన్నాక చివర్న కూర్చుంటానని, గిన్నెల్లో మిగిలిన అన్నం, పప్పు పారేస్తే పాపమని నేనే ఊడ్చి తింటానని చెప్పాను. "నీ కడుపేమన్న కుడితి గోళెమా?" అంది ఆపా. "మిగిలింది బర్రెకు పెట్టు, దానికి పుణ్యం, నీకు పానం. అందర్తోని పాటు నీది గూడ ఒక పళ్లెం పెట్టుకో. కూర ఎక్కువ, అన్నం తక్కువ. రాత్రికి మీ అమ్మగారింటి రొట్టెనే తిను. ఇయ్యాల గిదొక్కటే. అన్నీ ఒక్కసారి పట్టుకుంటే నాల్గొద్దులకే చేతులెత్తేస్తవ్."

అట్లా మొదలైంది. ఒకటి ఒంటికి పట్టాకే ఇంకొకటి. చాయ్‌లో చక్కెర ఒక్కసారిగా మానొద్దంది, నాలుకకు తెలియకుండా చెంచాలో కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రమ్మంది. పెళ్లిళ్లలో తినమంది. "దావత్‌ల మొహం మాడ్చుకోకు. తిను. తెల్లారి మళ్ల నీ తొవ్వల నువ్వు నడువు. ఒక్కనాడు ఎక్కువ తిన్నందుకు ఎవరూ లావు గారు, ఎట్లాగూ చెడ్డది గద అని నెలంత తింటరు చూడు, గప్పుడైతరు." నా సంగతి ఆమెకెట్లా తెలిసిందో! నేను అచ్చం అట్లాగే చేసేదాన్ని.

నడక దగ్గరే చిక్కొచ్చింది. ఇప్పుడు పొద్దున్నే బూట్లు వేసుకుని నడుస్తున్నారు గానీ, ఆ రోజుల్లో పనిలేకుండా రోడ్డు మీద నడిచే ఇంటికోడలు ఉంటుందా? పిచ్చిదన్నా అంటారు, ఇంకేదన్నా అంటారు. దానికీ ఆపా దగ్గర ఉపాయం ఉంది. ఆమె బడికి పోయేముందు చేతిలో ఒక టిఫిన్ డబ్బా పట్టుకుని రైల్వే గేటు దాకా పోయి వచ్చేది. డబ్బా ఖాళీదే. చూసినవాళ్లు దవాఖానాలో ఎవరికో బువ్వ తీసుకుపోతుందనుకునేవాళ్లు. "డబ్బా చేతిల ఉంటే ఆడదాన్ని ఎవ్వరు ఆపరు. సాకు లేకుండ మనల్ని నడువనియ్యరు," అంది. నన్నూ ఒకటి పట్టుకోమంది. అత్తమ్మకు మాత్రం ఆపాకు తోడుగా పోతున్నానని చెప్పాను.

మొదట్లో గేటు దాకా పోలేకపోయాను. నడుమ నడుమ ఆగి ఊపిరి తీసుకుంటుంటే, ఇక్కడే ఈ దుమ్ములో పోతానేమో, పిల్లలకు ఎవరు చెబుతారు అని వణికేదాన్ని. ఆపా పక్కనే నిలబడేది. "మాట్లాడుకుంట నడువు. మాట తెగుతుందంటే జోరైందన్నట్టు, జర తగ్గియ్యి," అనేది. కొన్నాళ్లకు బజారులో అందరూ పలకరించసాగారు: "దవాఖానల ఎవరున్నరమ్మా?" ఆపా తొణక్కుండా "దగ్గరి చుట్టమే" అనేది. కొద్దిదూరం పోయాక నా చెవిలో "మన పానం కంటె దగ్గరి చుట్టం ఎవరే?" అని నవ్వేది. భయంభయంగానే నేనూ నవ్వేదాన్ని.

ఆ సాకే మా కొంప ముంచింది. నెలలు గడిచేసరికి నా జాకెట్లు వదులయ్యాయి, దవడలు తేలాయి. గల్లీలో 'చిక్కినవేందే' అనడం మొదలైంది. ఒకామె మా అత్తమ్మనే నిలేసిందట: "మీ ఇంట్ల ఎవరికి బాగలేదు? నీ కోడలు రోజు దవాఖానకు పోతుంది, చిక్కి సగమైంది." నేను ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గడపలో నిలబడి ఉంది. నా చేతిలో డబ్బా లాక్కుని మూత తీసింది. మెరిసే ఖాళీ డబ్బా.

ఖాళీ బిందె ఎదురొస్తే వెనక్కి తిరిగిపోయే మనిషి ఆమె. "ఒట్టి గిన్నె పట్టుకోని ఊరంత తిరుగుతున్నవా? నా ఇంటికి అరిష్టం తెస్తవా?" అని కేకేసింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. కానీ ఆమె డబ్బాను పక్కన పడేసింది. నన్ను పట్టుకుని, జబ్బలు, మెడ, వీపు తడిమి తడిమి చూసింది. "దగ్గస్తుందా? సాయంత్రం జొరమొస్తుందా? నెత్తురు పడ్తుందా? చెప్పు, దాయకు!" అంది. ఆ తరువాత గడపలోనే కూలబడింది. "నా బిడ్డ గూడ గిట్లనే సన్నబడ్డది. సన్నబడి సన్నబడి పోయింది. నేను తినిపిస్తనే ఉన్న, అది పోతనే ఉండె," అని ఏడ్చింది.

మా ఆడబిడ్డ చిన్నప్పుడే పోయిందని తెలుసు. క్షయతో పోయిందని ఎవరూ చెప్పలేదు. ఆ జబ్బు పేరు ఆ ఇంట్లో పలికేవాళ్లు కాదు. అన్నేళ్లూ నా పళ్లెంలో ఆమె కొసరి వేసిన ప్రతి ముద్దా ఇంటి పేరు కోసమనుకున్నాను. ఆమె నన్ను కాపాడుకుంటోంది. నాకు లావంటే చావు, ఆమెకు చిక్కడమంటే చావు. ఒకే వంటింట్లో ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం భయపడుతూ బతికాం. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు కొత్త భయం కూడా పుట్టింది. నేను తగ్గుతున్నది నడకతోనేనా? లోపల నిజంగానే ఏదైనా తింటోందా?

ఆపా ఆ కేకలన్నీ గోడ అవతల నుండి విన్నది. వచ్చి అత్తమ్మ పక్కన గడపలోనే కూర్చుంది. వాదించలేదు. "అమ్మా, నీ భయం తప్పు గాదు. పా, డాక్టరమ్మకే చూపిద్దాం," అని ఆ రోజు బడికి సెలవు పెట్టి మా ఇద్దరినీ పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది. ఎక్స్‌రే తీశారు, నెత్తురు చూశారు. ఫలితం వచ్చేదాకా అత్తమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఏ జబ్బూ లేదనీ, ఒళ్లు ఈ తీరుగా మెల్లగా తగ్గితే మంచిదేననీ డాక్టరమ్మ చెప్పింది. అత్తమ్మ మూడుసార్లు అడిగించుకుని విన్నది. ఇంటికొచ్చాక ఆపా ఆమెతో, "నీ కోడలికి రొట్టెలు సరిగ్గొస్తలేవు. నువ్వే చేసిపెట్టు. ఎంత తినాల్నో నువ్వే చూడు," అంది. పెట్టే చేతిని అడ్డుకోకూడదు, దానికి పని చెప్పాలని ఆపాకు తెలుసు. ఆ సాయంత్రమే అత్తమ్మ జొన్నపిండి తడిపింది. మర్నాటి నుండి నా డబ్బా ఖాళీగా గడప దాటలేదు. ఆవుకని, ఆపాకని ఏదో ఒకటి అందులో పెట్టి పంపేది.

అట్లా తొంభైలు సగం దాటాయి. తగ్గాను, మళ్లీ కొంత పెరిగాను, మళ్లీ తగ్గాను. అప్పుడే ఆపా మంచం పట్టింది. చక్కెర బీమారి మూత్రపిండాల దాకా పోయిందన్నారు. గల్లీలో నోళ్లు లేచాయి: "అంత నడిచింది, అంత కడుపు కట్టుకున్నది, ఏమొచ్చింది?" ఆ మాట నా గుండెల్లో కూర్చుంది. ఆమెనే కాపాడని నడక నన్నేం కాపాడుతుంది? అమ్మ పోయిన వయసు నాకు నిండుతున్న రోజులవి. పొద్దున లేచి చెప్పుల వంక చూసి మళ్లీ లోపలికి పోయేదాన్ని.

దవాఖానాలో చూడబోతే ఆపా నా మణికట్టు పట్టుకుంది. మొహం ఉబ్బింది, గొంతు మాత్రం అదే. "నడుస్తలేవట గద. మీ అత్తమ్మ చెప్పింది."

"భయమైతుంది ఆపా."

"నాకు గూడ," అంది. ఆమె నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. "డాక్టర్ చక్కెర పేరు చెప్పిన నాడు నా పిల్లగాడు ఇంక చిన్నోడు. గా దినం నుంచి ఇయ్యాల్టి దాంక భయమే. పిల్లగాడు పెద్దగయ్యేదాంక ఉన్న గద, గంతే అడిగిన."

"అంటే ఇన్నేండ్లు మీరు భయపడుకుంటనే నడిచిన్రా?"

"మరేమనుకున్నవే? ధైర్యమున్నోళ్లు ఇంట్ల కూసుంటరు."

అవే ఆమె నాతో మాట్లాడిన చివరి మాటలు. ఆపాను మట్టిలో పెట్టిన మర్నాడు పొద్దున నేను గడప దాటలేక నిలబడి ఉంటే, మా అత్తమ్మ తన కొంగు నడుముకు చెక్కుకుని నా పక్కకు వచ్చింది. గేటు దాకా ఇద్దరం పోయాం, ఆమె కోసం నేను దారిలో ఆగుతూ.

మా అమ్మ చూడని వయసులెన్నో నేను చూశాను. ప్రతి ఏడూ అరువు తెచ్చుకున్నట్టే అనిపిస్తుంది. భయం పోతుందని చాలాకాలం ఎదురుచూశాను, పోలేదు. పైనింటి అమ్మాయికి నేనింకా ఏమీ చెప్పలేదు, నీకూ ఆ ఆయాసానికి భయమేస్తుందా అని ఒక్కమాట అడగాలని ఉంది. వేస్తుందని అంటే నాతో రమ్మంటాను. ఈ పొద్దున కూడా లేవగానే గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాను, నాకు భయమేసింది. చెప్పులు తొడుక్కున్నాను.