కొండచిలువ తొలిసూలు

పాము గుడ్లు పెట్టిందన్న మాట నాకు మొదట మోసుకొచ్చింది మా అత్తమ్మ. చీపురు చేతిలో పట్టుకునే వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మేయ్, ఆ గదిలో సూడుపో. పెట్టేసినాది."

"ఏం పెట్టిందత్తా?"

"ఏం పెడతాది, గుడ్లు! సుట్టుకోని కూసోనుండాది, మారాణి మాదిరి."

ఆ గది మా మరిదిది. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తుండగా అతని కిడ్నీలు చెడిపోయాయి. పని మానుకుని పలమనేరులో మా దగ్గరికే వచ్చేశాడు. ఆ గదిలో అతను పెంచుకుంటున్నది ఆఫ్రికా జాతి కొండచిలువల జత. బాల్ పైథాన్ అంటారు. విషం ఉండదు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అటవీశాఖకు చెప్పి, కాగితాలు తీసుకునే పెంచుతున్నాడు. మొదట్లో నేను ఆ గడప కూడా తొక్కలేదు. తర్వాత తర్వాత పొద్దున దీపం పెట్టాక ఆ గదివైపు కూడా ఒక దండం పెట్టుకునేదాన్ని. ఆ మనిషి ముఖంలోకి మళ్లీ నవ్వు తెచ్చినవి అవే.

జత కట్టించినప్పటి నుంచి అతనికి ఒకటే ధ్యాస. "వదినా, గుడ్డులోంచి పిల్ల తల బయటపెట్టేది ఒక్కసారి నా కండ్లతో సూడాల" అనేవాడు. ఇంకేదీ కోరేవాడు కాదు. డాక్టర్లు చెప్పింది అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

తీరా గుడ్లు పెట్టిననాడు అతను ఇంట్లో లేడు. చేతికి డయాలసిస్ సూది గుచ్చే చోట చీము పట్టి తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాడు. వీడియో కాల్ చేశాను. దిండు మీద నుంచి తల ఎత్తే ఓపిక లేదు గానీ, కళ్లు మాత్రం వెలిగిపోయాయి.

"తల్లి మీద తువ్వాలు కప్పు వదినా. మెల్లిగా సుట్ట విప్పు. ఏం చేయదు."

"నీకేమబ్బా, పండుకోని చెప్తావు. కరిస్తే?"

"కరిస్తే నా పక్క మంచం ఖాళీగానే ఉండాది, వచ్చేయ్."

గోవిందా అనుకుని చెయ్యి పెట్టాను. గుడ్లు తోలులా మెత్తగా, ఒకదానికొకటి అంటుకుపోయి ఒకే ముద్దగా ఉన్నాయి. అతను చెప్పినట్టు టార్చి లైటు ఆనిస్తే లోపల లేత ఎరుపు నరాలు కనిపించాయి.

"పైభాగాన పెన్సిలుతో గీత పెట్టు. ఆ గీత ఎప్పుడూ పైనే ఉండాల. లోపల పిల్ల పైపెంకుకు అతుక్కోనుంటాది. తిరగబడితే సచ్చిపోతాది."

గీత పెట్టాను. అతను ముందే సిద్ధం చేసుకున్న థర్మాకోల్ పెట్టెలో, తడి కొబ్బరిపొట్టు మీద ముద్దను దించాను. పలమనేరు చలికి అడుగున కరెంటు వేడి తగలాల్సిందే.

అత్తమ్మకు ఇది నచ్చలేదు. "తల్లి కింద నుంచి తీసేస్తిరే, పాపం" అని గొణిగింది. నాటుకోళ్లను పొదగేయడంలో ఆమెది పేరున్న చెయ్యి. పుట్టింట ఉన్నప్పుడు ఊళ్లోవాళ్లు గుడ్లు తెచ్చి ఆమెతోనే పెట్టించుకునేవారట.

ఎదురింటామె ఊరుకుంటుందా? "మీ ఇంట్లో పురుడంట గదక్కా! పేరు పెట్టేదానికి మమ్మల్ని పిలస్తారా?"

"పిలస్తాంలే. ఎలక బిర్యానీ చేయిస్తాం, తిందువు రా" అంది అత్తమ్మ.

మా ఆయన అంగడి వదిలి రాలేడు. మరిది దగ్గర ఉండటానికి నేనే తిరుపతి వెళ్లాను. "పెట్టె మూత తీయొద్దత్తా, పైన మీటరులో వేడి అంకె మాత్రం సూడు" అని చెప్పే బస్సెక్కాను. ఆమె తలాడించింది.

వార్డులో అతను కళ్లు తెరవగానే అడిగేది ఆ అంకె గురించే. నేను బడికి పోలేదు, మా నాయనే ఇంట్లో అక్షరాలు దిద్దించాడు. ఆ చదువు అక్కడ అక్కరకొచ్చింది. పాములు పెంచేవాళ్లెవరో అతని ఫోనుకు తెలుగులో రాసి పంపేవి చదివి వినిపించేదాన్ని. అంతసేపూ నొప్పి మరిచిపోయేవాడు. మా నాయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

నెల దాటాక ఇంటికి పంపారు. బాగైందని కాదు, ఇక చేసేదేమీ లేదని.

కారు దిగి చెప్పులైనా విడవకుండా ఆ గదిలోకి పోయాడు. మూత తీస్తే కుళ్లు వాసన. గుడ్లు పచ్చబారి సొట్టలు పడ్డాయి. నేను పెట్టిన గీత పైన లేదు. ముద్దను కొంచెం ఎత్తి చూశాడు. అడుగున ఉంది.

"ఎవురన్నా ముట్టుకున్నారా?"

"నేనే నాయనా" అంది అత్తమ్మ, సంతోషంగా. "పొద్దున్నే నీళ్లు పోసుకోని తిప్పతా ఉండాను. కోడి ముక్కుతో తిప్పుకోదా? తల్లి పక్కన లేకపాయె, వాటికి ఎవురుండారు? నువ్వొచ్చే లోపల పిల్లలు దిగాలని."

అతను గుడ్ల మీద నుంచి చూపు తీయకుండానే అన్నాడు: "తొలిసూలు గదమ్మా. మొదటిసారి పాములకు ఇట్లనే పోతాయి. నువ్వు కాబట్టి ఇన్నాళ్లన్నా నిలిచినాయి."

"వచ్చే ఏడు దిగుతాయిలే నాయనా."

"దిగుతాయి."

ఆమె కాఫీ పెట్టడానికి వెళ్లాక నన్ను కత్తెర అడిగాడు. ఒక గుడ్డు కోశాడు. లోపల ఇంకా రంగు రాని చిన్న చుట్ట, కళ్లకు రెండు నల్లటి చుక్కలు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అమ్మకు తెలీకూడదు వదినా. నేను పోయినాక గూడా" అన్నాడు.

వానలు పడేనాటికి అతను లేడు. పాముల జతను కాగితాలతో సహా మరో పెంపకందారుకు అప్పగించాం. అత్తమ్మ ఇప్పటికీ అంటుంది: "ఆ పిల్లలన్నా దిగుంటే వాడు ఇంకొన్నాళ్లు ఉండేటోడేమో మే."

"ఏమోనత్తా" అంటాను.

ఆమెకు చదవడం రాదు. నేను పత్రికలకు రాసే కథ ఏదైనా అచ్చయితే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తాను. ఇది మాత్రం వినిపించను.

ఇటువంటి ఇంటికి కోడలిగా పంపినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. మీరు కూడా సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, కోరుకున్న ఒక్కటీ అరచేతిలో చచ్చి పడి ఉన్నా తల్లిని పల్లెత్తు మాట అనని ఆ మనిషిని ఒకసారి తలుచుకోండి.